కామాటిపుర పొరుగున ఒక డీన్: సోహన్‌లాల్ భాటియా

కామాటిపుర గల్లీలలోంచి బయటపడి, పూర్వం డంకన్ రోడ్డు అనిపించుకున్న మౌలానా ఆజాద్ రోడ్డును దాటి, నాగ్‌పాడా మీదుగా తూర్పు దిక్కుగా నడిస్తే అరగంట తిరక్కుండానే జె.జె. ఆస్పత్రి ఆవరణ వస్తుంది. ఆ ఆవరణలోనే గ్రాంట్ మెడికల్ కాలేజి ఉన్నది. 1925లో ఆ కాలేజికి మొట్టమొదటి సారిగా ఒక భారతీయుడు డీన్ అయ్యారు. ఆయన పేరు సోహన్‌లాల్ భాటియా. శస్త్రచికిత్సకుడు కాదు, పేరుమోసిన ఫిజీషియనూ కాదు. శరీరధర్మశాస్త్రం, అంటే ఫిజియాలజీ బోధించే ఆచార్యుడు.

తెలుగు పీఠం వెలువరించే ఈ పత్రికలో తెలుగువాడు కాని వైద్యాచార్యుని ప్రస్తావన ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఆ ప్రశ్న మేమూ వేసుకున్నాము. ముంబయి తెలుగువారి చరిత్ర రాయబూనిన వారు సాధారణంగా సంఘాల పుట్టుక, గుడుల స్థాపన, బడుల ప్రారంభం, నాటక సమాజాలు - ఇంతవరకు వచ్చి ఆగిపోతారు. మనవాళ్ళు ఏ ఆస్పత్రిలో పురుడు పోసుకున్నారు, ఏ వార్డులో కన్నుమూశారు, ఏ భాషలో తమ నొప్పి చెప్పుకున్నారు అన్నది చరిత్రలో చేరదు. మరోవైపు వైద్య కాలేజి చరిత్రలలో ప్రిన్సిపాళ్ళ పేర్లు, దాతల పేర్లు వరుసగా ఉంటాయి. గేటు బయటి పేట ఉండదు. ఈ రెంటినీ ఒకేచోట పెట్టి చూడాలన్నది మా ఉద్దేశం. భాటియా జీవితం అందుకు మంచి అవకాశం ఇస్తున్నది.

ముందు పేట సంగతి. కామాటి అంటే తెలుగులో కూలిపని, కట్టడపు పని చేసేవాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డు అనే కట్ట పూర్తయి సముద్రపు పోటు లోపలికి రావడం ఆగిన తరువాత, ఏడు దీవుల నడుమ ఉన్న పల్లపు నేలలు కొద్దికొద్దిగా పూడుతూ వచ్చాయి. ఆ పూడిన నేలమీద, నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు పనివాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటే కామాటిపుర. దాని ఉత్తరపు హద్దు బెలాసిస్ రోడ్డు. 1793లో సూరత్ ప్రాంతపు కరువు తరిమితే బొంబాయి చేరిన బీదల చేత, చందాల సొమ్ముతో వేయించిన రోడ్డది. కరువుకు వచ్చినవారు వేసిన రోడ్డు పక్కనే కూలికి వచ్చినవారు ఊరు కట్టుకున్నారు.

ఈ పనివాళ్ళలో కొందరు మేస్త్రీలై, మేస్త్రీలు కాంట్రాక్టర్లై పైకి వచ్చారు. 1893లో పూర్తయిన బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ భవనానికి స్టీవెన్స్ వాస్తుశిల్పి కాగా, కట్టించిన కాంట్రాక్టరు వ్యంకూ బాలాజీ కాలేవార్. ఆయన, రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలైన బొంబాయి తెలుగువారు జోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. పదహారణాల తెలుగు పేర్లు మరాఠీ సంఘసంస్కరణ చరిత్రలో ఇలా దాగి ఉన్నాయి. లోకానికి మాత్రం కామాటిపుర అంటే ఒకే ఒక్క సంగతి గుర్తుకు వస్తుంది. దానిని గురించి ఇప్పటికే కావలసినంత రాశారు కనుక మేము ఇక్కడ రాయడం లేదు.

ఇక కాలేజి. బొంబాయి గవర్నరుగా ఉండగానే 1838లో చనిపోయిన రాబర్ట్ గ్రాంట్ పేరిట, జంషెడ్జీ జీజీభాయ్ విరాళంతో లేచిన ఆస్పత్రికి అనుబంధంగా, 1845లో ఇది మొదలైంది. తొలి ప్రిన్సిపాలు చార్లెస్ మోర్‌హెడ్. చదువుకున్నది మొదటినుంచీ భారతీయులే. భావూ దాజీ లాడ్ తొలి పట్టభద్రులలో ఒకరు. చదువు చెప్పే కుర్చీలు మాత్రం వేరు. ప్రభుత్వ మెడికల్ కాలేజీలలో ఆచార్య పదవులు, పెద్ద ఆస్పత్రుల పెత్తనం, ఇండియన్ మెడికల్ సర్వీస్ అనే సైనిక వైద్యసేవకు చెందిన అధికారుల పాలు. ఆ సేవ ప్రవేశపరీక్ష 1855 నుంచి భారతీయులకూ తెరిచే ఉన్నది. అయితే పరీక్ష జరిగేది లండనులో. తలుపు తీసి ఉన్నది, తలుపుదాకా వెళ్ళడానికి ఓడ టిక్కెట్టు కావాలి.

దీనిమీద బొంబాయి డాక్టర్లు ఊరుకోలేదు. 1883లో ఏర్పడిన బొంబాయి మెడికల్ యూనియన్ ఈ గుత్తాధిపత్యాన్ని విమర్శిస్తూ వచ్చింది. డాక్టర్ కె.ఎన్. బహాదుర్జీ 1890లలో ఈ విషయాన్ని కాంగ్రెసు వేదికమీదికి తీసుకువెళ్ళారు. యుద్ధానికి పనికివచ్చే డాక్టరు వేరు, పాఠం చెప్పగల డాక్టరు వేరు, రెంటినీ ఒకే సేవలో కట్టిపడేయడం విద్యకే చేటు అన్నది వారి వాదం. ఇది కేవలం ఉద్యోగాల తగాదా అని కొట్టివేయడం మాకు సరికాదనిపిస్తుంది. ఆచార్య పదవిలో ఉన్న అధికారిని యుద్ధం వస్తే సైన్యానికి పిలిచేవారు. అలాంటి కాలేజిలో ఒక శాస్త్రం వేళ్ళూనుకోవడం కష్టం.

ఈ మధ్యలో 1896 వచ్చింది. సెప్టెంబరులో మాండ్వీలో డాక్టర్ వియెగస్ ప్లేగును గుర్తించారు. అక్టోబరులో హాఫ్‌కిన్ బొంబాయి చేరి గ్రాంట్ మెడికల్ కాలేజిలోనే ఒక గదిలో పని మొదలుపెట్టారు. 1897 జనవరి 10న తాను తయారుచేసిన ప్లేగు టీకాను మొదట తనకే వేయించుకున్నారు. వైద్య చరిత్రలో ఆ కాలేజికి దక్కిన గొప్ప క్షణమది. అదే కాలంలో ఇళ్ళలోకి చొరబడి రోగులను ఎత్తుకుపోతారన్న భయంతో జనం ఆస్పత్రులంటేనే వణికారు. 1896 అక్టోబరు 29న ఆర్థర్ రోడ్డు ఆస్పత్రి మీద మిల్లు కార్మికులు దాడిచేశారు. నగరం బాగుకోసం 1898లో పుట్టిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు మొట్టమొదటి పథకంగా కూల్చి కట్టినది నాగ్‌పాడానే, అంటే కామాటిపురకూ జె.జె.కూ నడుమ ఉన్న పేటను. రోగం వస్తే ఆస్పత్రి ఇంటికి వస్తుంది, ఆపైన ఇల్లు పోతుంది అన్న అనుభవం ఈ పేటల జనానికి అప్పుడే కలిగింది. భాటియా ఈ కాలేజికి వచ్చేనాటికి ఆ జ్ఞాపకం ఒక తరం వయసు కూడా దాటలేదు. దానికి తోడు 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చివెళ్ళింది.

సోహన్‌లాల్ భాటియా 1891లో జన్మించారు. కేంబ్రిడ్జిలో పీటర్‌హౌస్ కాలేజిలో చదివి, లండను సెయింట్ థామస్ ఆస్పత్రిలో వైద్యశిక్షణ పొందారు. ఆ కేంబ్రిడ్జి ఏ కేంబ్రిడ్జి అన్నది ఇక్కడ ముఖ్యం. లాంగ్లీ అక్కడ శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు. రక్తం ప్రాణవాయువును ఎలా మోస్తుందో బార్‌క్రాఫ్ట్ కొలుస్తున్నారు. కండరం పనిచేసేటప్పుడు పుట్టే వేడిని ఎ.వి. హిల్ లెక్కగడుతున్నారు. తరువాత విటమిన్ల పరిశోధనకు నోబెల్ బహుమతి పొందిన హాప్‌కిన్స్ కూడా అక్కడివారే. శరీరాన్ని ఒక పనిచేసే యంత్రంగా, కొలవదగినదిగా చూడటం ఆ పాఠశాల లక్షణం. చచ్చిన శరీరాన్ని కోసి చూసే శాస్త్రం పాతది. బతికిన శరీరం క్షణక్షణం ఏం చేస్తున్నదో కొలిచే శాస్త్రం అప్పటికి కొత్తది. తెలుగులో దీనికి శరీరధర్మశాస్త్రం అన్న పేరు స్థిరపడింది. నిప్పు ధర్మం కాల్చడం అన్నప్పటి ధర్మం ఇది. పేరు పెట్టినవారు బాగానే పెట్టారు, కాని తొలిసారి వినేవారికి అది శాస్త్రం కన్నా పురాణంలా వినిపిస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధం ఇండియన్ మెడికల్ సర్వీస్ తలుపులను కొంత వెడల్పు చేసింది. భారతీయ డాక్టర్లను పెద్ద సంఖ్యలో తాత్కాలికంగానైనా చేర్చుకోవలసి వచ్చింది. భాటియా 1917లో ఆ సేవలో చేరి, యుద్ధరంగంలో చూపిన ధైర్యానికి మిలిటరీ క్రాస్ పొందారు. యుద్ధం ముగిశాక, 1920లో, గ్రాంట్ మెడికల్ కాలేజి ఫిజియాలజీ ఆచార్యులుగా బొంబాయి వచ్చారు. అయిదేళ్ళకు డీన్ అయ్యారు.

ఎనభై ఏళ్ళ కాలేజిలో తొలి భారతీయ డీన్. ఇది ఎలా సాధ్యమైంది? ఆయన అర్హతలు నిస్సందేహమైనవి. కేంబ్రిడ్జి పట్టా, సైనిక పతకం, సర్వీసు హోదా మూడూ ఉన్నాయి. కాని అర్హత ఒక్కటే పదవి తెచ్చిపెడితే బహాదుర్జీ వంటివారు జీవితమంతా పోరాడనక్కరలేదు. మా దృష్టిలో రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది ఆయన శాస్త్రమే. శస్త్రచికిత్స, వైద్యం, ప్రసూతి - ఈ కుర్చీలతోపాటు ఆస్పత్రి వార్డులు వస్తాయి, వార్డులతోపాటు ఊళ్ళో పెద్దమనుషుల ఇళ్ళ పిలుపులు, ఫీజులు వస్తాయి. ఆ కుర్చీలను ఎవరూ తేలిగ్గా వదులుకోరు. ఫిజియాలజీ కుర్చీకి ప్రయోగశాల వస్తుంది, అంతే. అందులో చేరినవాడు పొద్దస్తమానం కాలేజిలోనే ఉంటాడు. విద్యార్థులతో, పరీక్షలతో, యూనివర్సిటీ సంఘాలతో మెలగేది అతడే. లాభం లేని కుర్చీ ఒక్కోసారి పెత్తనానికి దగ్గరి దారి అవుతుంది.

రెండవది పరేల్. సేఠ్ గోవర్ధన్‌దాస్ సుందర్‌దాస్ వారసులు కొత్త మెడికల్ కాలేజికి విరాళమిస్తూ, అందులో ఆచార్యులందరూ ప్రభుత్వోద్యోగులు కాని భారతీయులై ఉండాలని షరతు పెట్టారు. ఆ కాలేజి 1925లో మొదలైంది, దానికి జోడైన కె.ఇ.ఎం. ఆస్పత్రి 1926 జనవరిలో తెరిచారు. తొలి డీన్ డాక్టర్ జీవరాజ్ మెహతా, గాంధీగారి అనుయాయి. 1960లో గుజరాత్ తొలి ముఖ్యమంత్రి అయినది ఆయనే. అంతకుముందే, 1921లో, సహాయనిరాకరణ రోజులలో ఒక నేషనల్ మెడికల్ కాలేజి వెలిసింది; తరువాతి టోపీవాలా కాలేజి అదే. నగరంలో ఒకచోట భారతీయులు తప్ప ఆచార్యులు ఉండరాదని నియమం వచ్చిన ఏడాదే, ప్రభుత్వ కాలేజిలో భారతీయుడు డీన్ కావడం కాకతాళీయమని మేము అనుకోము. భాటియా కుర్చీ ఆయన సంపాదించుకున్నదే. దాన్ని ఆయనవైపు జరిపిన చేతులు మాత్రం చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని ఆయన సర్వీసును ద్వేషించినవారివి.

డీన్ గదిలో ఆయన ఉన్న కాలంలో ఫిజియాలజీ పాఠం ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి, లేకపోతే మేము చెప్పదలచుకున్నది అర్థం కాదు. ఆ తరంలో ఏ మెడికల్ కాలేజిలోనైనా విద్యార్థి మొదట కలుసుకునేది కప్పను. కప్ప పిక్క కండరాన్ని నరంతో సహా విడదీసి, ఒక కొసను బిగించి, మరో కొసను సన్నని మీట పుల్లకు కడతారు. పుల్ల మొన, పొగ పట్టించిన నల్లని కాగితం చుట్టిన డోలును తాకుతూ ఉంటుంది. డోలు తిరుగుతుంది. నరానికి కొద్దిపాటి విద్యుత్తు తగిలించగానే కండరం ముడుచుకుంటుంది, పుల్ల లేస్తుంది, మసిమీద తెల్లని గీత పడుతుంది. మళ్ళీ మళ్ళీ తగిలిస్తే గీతల ఎత్తు క్రమంగా తగ్గుతుంది, కండరం తిరిగి వదులు కావడానికి పట్టే సమయం పెరుగుతుంది. కొంతసేపటికి ఎంత తగిలించినా లేవదు. దీనిపేరు అలసట. విద్యార్థి ఆ కాగితానికి లక్క పూసి ఆరబెట్టి, పుస్తకంలో అంటించి, మార్కులు తెచ్చుకుంటాడు.

అదే 1920లలో వర్లీ, పరేల్, ప్రభాదేవి మిల్లులలో మగ్గాల మీద తెలుగు నేతవాళ్ళు చాలామంది ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు వారిలో ముఖ్యులు. నేతగాడు మామూలుగా రెండు మగ్గాలు చూసేవాడు. యజమానులు మూడు చూడమన్నారు. 1928లో బొంబాయి మిల్లులు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, ఆరు నెలలు, మూతపడటానికి ముఖ్య కారణాలలో ఈ మగ్గాల లెక్క ఒకటి. ఒక మనిషి, ఆ వేడిలో, ఆ తేమలో, ఆ పత్తిధూళిలో, ఎన్ని మగ్గాలు చూడగలడు? నిజానికి ఇది అచ్చమైన శరీరధర్మశాస్త్ర ప్రశ్న. మసిడోలు మీద కప్ప కండరాన్ని అడిగిన ప్రశ్నే. కాని అది తేలింది సమ్మెలోనూ, ఫాసెట్ కమిటీ ముందర వాదోపవాదాలలోనూ. వైద్య విద్యార్థి పాఠ్యక్రమంలో ఆ మనిషికి చోటు లేదు. ఇది భాటియా తప్పని మేము అనడం లేదు. పరీక్షలు, పాఠ్యక్రమం లండను కొలతల ప్రకారం సాగిన కాలం. పనిచేసే మనిషి శరీరధర్మాన్ని పరిశీలించే విభాగం బొంబాయిలో ఏర్పడింది స్వాతంత్ర్యం తరువాత, 1960లలో, సయన్‌లోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో. పత్తిధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును బొంబాయి మిల్లులలో కె.ఇ.ఎం. డాక్టర్లు లెక్కగట్టినది 1970లలో. 1982 జనవరిలో మొదలైన సమ్మెతో మిల్లులే పోవడం మొదలైంది. జవాబు వచ్చేసరికి అడిగినవాడు లేచి వెళ్ళిపోయినట్టయింది.

ఆనాటి చావుపుట్టుకల లెక్కలు కూడా ఈ రెండు లోకాల దూరాన్ని మరో విధంగా చూపుతాయి. 1921లో బొంబాయిలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువులలో 660 మందికి పైగా ఏడాది లోపున చనిపోయినట్టు మునిసిపల్ లెక్కలు చెప్పాయి. ఒక్క గది ఇళ్ళలో ఆ సంఖ్య 800 పైమాట. ఇది విని ఇంగ్లండు దాకా నిర్ఘాంతపోయారు. సంఖ్య ఘోరమైనదే, సందేహం లేదు. అయితే ఆనాడే కొందరు ఒక మెలిక ఎత్తిచూపారు. కూలిజనంలో చాలామంది స్త్రీలు పురిటికి ఊరికి వెళ్ళి, బిడ్డతో తిరిగివస్తారు. పుట్టుక ఊళ్ళో జరుగుతుంది కనుక బొంబాయి పుస్తకంలో చేరదు. బిడ్డ బొంబాయిలో పోతే చావు మాత్రం చేరుతుంది. దీనివల్ల నిష్పత్తి ఉన్నదానికన్నా పెరుగుతుంది. తెలుగువారికి ఇది వివరించవలసిన పని లేదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మనకు శాస్త్రం కన్నా గట్టిది. కాని లెక్కగట్టేవారు ఆ సంగతి తెలుసుకోవాలంటే, చాలులోకి వెళ్ళి, ఆ భాషలో, ఒక ఆడమనిషిని అడగాలి.

భాష దగ్గరికి వచ్చాము కనుక కొంచెం ఆగుతాము. గ్రాంట్ కాలేజి 1845లో ఇంగ్లీషులో మొదలైంది. మరుసటి ఏడే, 1846లో, కామాటీల సొంత దేశమైన నిజాం రాజ్యంలో, హైదరాబాదు మెడికల్ స్కూలు ఉర్దూలో మొదలైంది. అదీ చిన్న సంస్థ కాదు. క్లోరోఫారం ఇచ్చినప్పుడు ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న వివాదంలో, ఎడ్వర్డ్ లారీ అధ్వర్యాన 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదులో రెండు క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. రెండవదానికి లండను నుంచి లాడర్ బ్రంటన్ స్వయంగా వచ్చారు. శరీరధర్మశాస్త్రంలో ప్రపంచమంతా చర్చించిన ప్రయోగాలవి, తెలుగు నేలమీద జరిగినవి. చర్చ ఇంగ్లీషులో. బొంబాయి వెళ్ళిన తెలుగువాడికి ఇంగ్లీషూ మరాఠీ హిందుస్తానీ. ఇంటి దగ్గర ఉన్న తెలుగువాడికి ఉర్దూ. రెండుచోట్లా తన రోగం తన మాటలో చెప్పుకునే అవకాశం లేదు.

తెలంగాణ మాటలో ఒంట్లో బాగాలేదనడానికి పానం బాగలేదంటారు. ఒళ్ళునొప్పులంటే పెయ్యి నొప్పులు. ఆయాసం వస్తే దమ్ము. ఆస్పత్రికి దవాఖాన. పానం అంటే ప్రాణం. ప్రాణం బాగలేదన్న మాటను మక్కీకిమక్కీగా మార్చి కేసుకాగితం మీద రాస్తే డాక్టరు కంగారుపడతాడు, తబియత్ ఠీక్ నహీ అని మార్చేస్తే అసలు ఏమీ చెప్పనట్టే అవుతుంది. రోగి ఏ అవయవాన్ని చూపుతున్నాడు, నొప్పి అంటున్నాడా, అలసట అంటున్నాడా, దిగులు అంటున్నాడా అన్నది ఈ మాటలలోనే ఉన్నది. శరీరధర్మశాస్త్రపు మొదటి సూచన రోగి నోటినుంచి వస్తుంది. అది వార్డుబాయి చేతిలోనో, పక్కమంచం వాడి చేతిలోనో అనువాదమై ఆచార్యుని చెవికి చేరేది. మనవైపు 1906లో మొదలైన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రాన్ని తెలుగులో చెప్పాలని పూనుకున్నది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదాలు తయారుచేసింది. ఇవి శాస్త్రం నుంచి జనానికి వచ్చే మాటలు. జనం నుంచి శాస్త్రానికి వెళ్ళే మాటలు, పెయ్యి, పానం, దమ్ము వంటివి, ఎవరూ పట్టికలు వేయలేదని కాదు గాని, వేసినవి మాండలిక పదకోశాలలో చేరాయి. వైద్యుని బల్లమీదికి రాలేదు.

భాటియా జీవితం బొంబాయితో ముగియలేదు. తరువాత ఆయన కేంద్ర వైద్య పాలనలో పనిచేశారు, మేజర్ జనరల్ హోదా పొందారు, మద్రాసు ప్రభుత్వానికి సర్జన్ జనరల్ అయ్యారు. ఆనాటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా ఆంధ్ర, రాయలసీమలు ఉన్నాయి. 1923లో మొదలైన విశాఖపట్నం మెడికల్ కాలేజి, 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజి ఆ శాఖ కిందివే. ఇక్కడొక విచిత్రం ఉన్నది. తెలుగువాళ్ళ ఆస్పత్రులు, తెలుగు విద్యార్థుల కాలేజీలు ఆయన బాధ్యతలోకి కాగితాలమీద వచ్చింది మద్రాసులోనే. బైకుల్లాలో అరగంట నడక దూరాన ఉన్న తెలుగువాళ్ళు మాత్రం ఏ కాగితంమీదా తెలుగువాళ్ళుగా లేరు. వాళ్ళు కామాటీలు, అంటే కూలీలు. ఒక జాతి పేరు పనిపేరుగా మారిపోయిందో, పనిపేరే జాతి పేరయిందో, ఏదైనా ఫలితం ఒకటే.

విశ్రాంత జీవితం ఆయన బెంగుళూరులో గడిపారు. అక్కడే వైద్య చరిత్ర మీద పనిచేశారు. ఆసియాలో గ్రీకు వైద్యం గురించి ఆయన పుస్తకం 1958లో వచ్చింది; ప్రాచ్యదేశాలపై ప్రత్యేక దృష్టితో రాసిన వైద్య చరిత్ర 1977లో వెలువడింది. ఆయన గ్రంథసంపద బెంగుళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజికి చేరి, ఆయన పేరిట అక్కడ వైద్య చరిత్ర ప్రదర్శనశాల ఏర్పడింది. ఫిజియాలజీ ఆచార్యులు చరిత్రవైపు తిరగడం మనకు కొత్తకాదు. డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డిగారు కూడా శరీరధర్మశాస్త్ర ఆచార్యులే. 1950ల ఉత్తరార్ధంలో హైదరాబాదు ఉస్మానియా మెడికల్ కాలేజిలో వైద్య చరిత్ర విభాగాన్ని నెలకొల్పి, తరువాత అది ఒక జాతీయ సంస్థగా ఎదగడానికి పునాది వేశారు. కొలతలతో జీవితం గడిపినవారికి, కొలతలకు ముందు మనుషులు శరీరం గురించి ఏమనుకున్నారో తెలుసుకోవాలనిపించడం సహజమేమో.

అయితే భాటియా చరిత్రలో మనకు దొరికేవారు హిప్పోక్రటీస్, చరకుడు, సుశ్రుతుడు, ఇబ్న్ సీనా. గ్రంథాలు రాసినవారి చరిత్ర అది. తాను పదిహేనేళ్ళకు తక్కువ కాకుండా మసలిన బైకుల్లా వార్డులలోని మంచాల చరిత్ర కాదు. ఆయన తరం వైద్య చరిత్ర అంటే అంతే అనుకున్నది. ప్రాచ్యదేశాలకూ వైద్య వారసత్వం ఉన్నదని నిరూపించడమే అప్పటి అవసరం. ఆ పని ఆయన చిత్తశుద్ధితో చేశారు. మిగిలిన పని తెలుగు పీఠాల వంటివారు చేయవలసినది, మనమూ చేయలేదు.

ఇప్పుడు దానికి గడువు దగ్గరపడుతున్నది. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించిన 207 చాళ్ళలో 121 వర్లీలోనే ఉండేవి. గదికి 160 చదరపు అడుగులు. 1930 ఉప్పు సత్యాగ్రహం రోజులలో వాటిలో కొన్నింటిని జైలుగా వాడుకున్నారన్నది పెద్దలు నవ్వుతూ చెప్పే సంగతి: గదులు చూస్తే మార్చడానికి పెద్దగా కష్టపడి ఉండరు. ఆ చాళ్ళను కూల్చి అంతస్తులు లేపుతున్నారు. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు వర్లీలో కొత్త ఇళ్ళ తాళాలు ఇచ్చారు. కామాటిపురకూ పునర్నిర్మాణ పథకం ఉన్నది. మంచి ఇల్లు ఎవరూ వద్దనరు. కాని 160 చదరపు అడుగుల గదిలో అటకమీద దాచిన రేకుపెట్టె కొత్త ఇంటికి వెళ్ళేటప్పుడు తప్పకుండా తెరుస్తారు, బరువు తగ్గించుకుంటారు. అందులో పసుపు పట్టిన కాగితాలు ముందు పోతాయి.

మేము కోరేది ఆ కాగితాలే. జె.జె. ఆస్పత్రి, దాని ఆవరణలోని మోత్లీబాయి ప్రసూతి ఆస్పత్రి, నాయర్, కె.ఇ.ఎం., మిల్లు దవాఖానాల కేసుకాగితాలు, మందుచీటీలు, పుట్టుక సర్టిఫికెట్లు, ఇ.ఎస్.ఐ. కార్డులు, మిల్లులో దెబ్బతగిలినందుకు పరిహారం కోరుతూ రాయించిన అర్జీలు ఎవరి ఇంట ఉన్నా పారవేయవద్దు. పీఠానికి కబురు చేస్తే మేమే వచ్చి నకలు తీసుకుని అసలు తిరిగి ఇస్తాము. పేర్లు ప్రకటించము. ఆస్పత్రిలో పనిచేసిన తెలుగు ఆయాలు, వార్డుబాయిలు, నర్సులు ఎవరైనా రోగుల మాటలు గుర్తుచేసుకుని చెప్పగలిగితే, ఏ మాటకు డాక్టరుతో ఏమని చెప్పేవారో అదీ చెబితే, రాసుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాము.